గోటి చప్పుడు

కాశిబుగ్గలో నేను తమ్మీ అని పిలిచే ఒకతను ఉండేవాడు. డౌన్‌లోడ్ చేసిన సీరియళ్లలో బొమ్మకూ మాటకూ పొంతన కుదర్చడం అతని పని. తండ్రి బట్టలు నేసిన మగ్గం గుంత మీద చెక్కలు పరిచి, ఆ పైనే కంప్యూటర్ పెట్టుకున్నాడు. మా అత్తమ్మ సీరియళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకుని వారం వారం వెళ్లేదాన్ని.

అతను డైలాగులు చూసేవాడు కాదు. తలుపు మూసిన చోటో, చెంప మీద కొట్టిన చోటో వెతికేవాడు. చప్పుడు వినపడగానే బల్ల మీద గోటితో టక్కున కొట్టి, బొమ్మతో ఎంత తేడా ఉంటే మాటను అంత జరిపేవాడు.

"పెదవులు మోసం చేస్తయక్కా. దెబ్బ మోసం చెయ్యది," అనేవాడు. గడియారం కన్నా ఆ గోటినే నమ్మేదాన్ని.

మొన్నటి ఎండాకాలం అతను సరిచేసి ఇచ్చిన సీరియల్ ఇంట్లో పెడితే, మాట ముందొచ్చి పెదవులు తర్వాత కదిలాయి. తిరిగి తీసుకెళ్లాను.

"సరిగ్గనే ఉంది కదక్కా," అన్నాడు తెర వైపే చూస్తూ.

వెనక గదిలోంచి వాళ్లమ్మ వచ్చింది. "నాలుగు దినాల సంది నాతోని గిదే లొల్లి బిడ్డా. నా నోరు ముందు కదిలి, మాట తర్వాత వస్తాందట."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"అక్కా, జర చప్పట్లు కొట్టు," అని, గోరు బల్లకు దగ్గరగా పట్టుకుని నా చేతుల వైపే చూశాడు.

ఒక్కసారి గట్టిగా కొట్టాను. గుమ్మంలో పడుకున్న పిల్లి ఉలిక్కిపడి వీధిలోకి ఉరికింది.

"చేతులు కలిసినయి," అన్నాడు మెల్లగా. "చప్పుడింక రాలేదక్కా."

నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. అప్పుడు బల్ల మీద గోరు టక్కుమంది.