డాక్టరు గారి పిలవని భోజనాలు

నంద్యాలలో డాక్టర్ సాల్మన్ రాజును ఎవరూ భోజనానికి పిలవాల్సిన పనిలేదు. ఆయనే వస్తాడు. అదీ తన దగ్గర వైద్యం చేయించుకుంటున్న వాళ్ళింటికే, సరిగ్గా పొయ్యి మీంచి కుండ దించే వేళకే.

వెంట జీపులో తిరిగే హెడ్ నర్సు లూదియాకు తల కొట్టేసినట్టయ్యేది.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. మెడ మీదో చంకలోనో గడ్డలు లేచి లింఫోమా అనే క్యాన్సరని తేలితే, ఒకప్పుడు ఇక్కడి వాళ్ళు హైదరాబాదు రైలెక్కాల్సిందే. పొలం వదిలిపోలేక సగం మంది వైద్యం మధ్యలోనే మానేసేవాళ్ళు. ఆ మందు నంద్యాల్లోనే ఎక్కిస్తానని ఇరవై ఏళ్ళ కిందట నాలుగు మంచాలు వేశాడాయన. "పట్నంలో పెద్దోళ్ళు చేసేది ఈయప్ప ఈడ చేస్తాడంట!" అని నవ్వారు. అలా నవ్విన వాళ్ళలో ఇద్దరు తర్వాత ఆ మంచాల మీదే పడుకుని, నయమై ఇంటికి పోయారు.

కానీ ఆ తిండి యావ! దొర్నిపాడులో ఒకింటి గడప తొక్కుతూనే, "ఏం వండినావమ్మా?" అన్నాడు.

"సంగటి, ఊరిబిండి పచ్చడి సారూ."

"ఇంకేం, వెయ్యి!" అని రోగి పక్కన చతికిలబడ్డాడు.

మరో కుటుంబం యాగంటికి మొక్కు తీర్చుకోను పోతే, అక్కడిదాకా వెతుక్కుంటూ పోయి పులిహోరలో వాటా అడిగాడు. తిరుగుదారిలో రొమ్ము రుద్దుకుంటూ మాత్ర మింగాడు.

"అడిగడిగి తింటే మండదా సార్?" అంది లూదియా.

"మండుతాందమ్మా. రేపు ఎవరింటికి?"

ఆళ్ళగడ్డ పక్క పల్లె నుంచి వచ్చే భారతమ్మకు ఆరు విడతల మందులో మూడే అయ్యాయి. నాలుగోదానికి రాలేదు. లూదియా ఫోన్ చేస్తే కొడుకు సురేష్, "అమ్మ రానంటాంది సిస్టర్. గడ్డలు కరిగినాయి కదా అంటాంది" అన్నాడు.

సాల్మన్ రాజు కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "పైకి కరిగినాయి, లోపల వేరు అట్లే ఉంటాది. ఎట్ల రాదో చూస్తా. పదమ్మా, భోజనానికి పోదాం."

"ఆమె ప్రాణం మీదికొస్తాంటే మీకు భోజనమా సార్!"

వాళ్ళు పోయేసరికి కోడలు ఇంద్రజ ఇంట్లో డాక్టరుకు పీట వేసింది. భారతమ్మ మాత్రం గొడ్ల కొట్టం పక్క వసారాలో, ఎర్ర రంగు గుర్తు పెట్టిన పళ్ళెం ముందు ఒంటరిగా కూర్చుని ఉంది. సాల్మన్ రాజు ఒక్క క్షణం ఆ పళ్ళెం వైపు చూశాడు. సబ్బు అడిగి మోచేతుల దాకా చేతులు కడుక్కుని, నేరుగా వసారాలోకి నడిచాడు.

"ఈడ గాలి బాగుంది. ఈడనే తింటా" అంటూ ఆమె పళ్ళెంలోని జొన్నరొట్టె తుంచి, ఎర్రకారంలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు.

"సార్! అది అత్త పళ్ళెం!" ఇంద్రజ కేక వేసింది. "రోగం అంటుకుంటాది సార్! నాకు చంటిబిడ్డ ఉంది."

"ఇరవై ఏండ్లుగా ఇట్లనే తింటాండా. అంటుకునేదైతే నాకెప్పుడో అంటుకోవాల. పొట్ట తప్ప ఏందీ రాలేదు." ఇంకో ముక్క తుంచాడు. "మన జలుబు ఈయమ్మకు అంటుకోకుండా చూసుకోవాల గానీ, ఈయమ్మ రోగం ఎవురికీ అంటుకోదు తల్లీ."

భారతమ్మ కొంగు కళ్ళకు అద్దుకుంది. "ఇట్ల ఒక్కదాన్నే తినేకి ఆ సూదులెందుకు నాయనా అనుకుంటి."

ఇంద్రజ తల వంచుకుని నిలబడింది. తర్వాత అత్త చెయ్యి పట్టుకుని లేపి, ఇంట్లోకి తీసుకుపోయి పీట మీద కూర్చోబెట్టింది.

లూదియాకు దొర్నిపాడు గుర్తొచ్చింది. అక్కడా రోగి పక్కనే కూర్చున్నాడు. యాగంటిలోనూ అంతే. జీపెక్కాక అడిగింది: "మీకు కారం బొత్తిగా పడదు కదా సార్?"

"పడదమ్మా." మాత్ర మింగాడు. "నోటితో చెప్తే మరిచిపోతారు. తింటే ఊరంతా చెప్పుకుంటారు."

ఆ గురువారం భారతమ్మ కోడలిని వెంటబెట్టుకుని నాలుగో విడతకు వచ్చింది. అదే రోజు వార్డులో కమలమ్మ అనే కొత్త రోగి చేరింది. ఆమె కూతురు జీవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సాల్మన్ రాజు చేతులు కడుక్కోవడానికి బయలుదేరాడు.

"మీరుండండి సార్. మీకు పెరుగన్నం" అంది లూదియా. తానే చేతులు కడుక్కుని కమలమ్మ మంచం మీద కూర్చుంది. "ఏం తెచ్చుకున్నావక్కా? ఆకలి దంచేస్తాంది."

కమలమ్మ బిత్తరపోతూ డబ్బా మూత తీసింది. చిత్రాన్నం. లూదియా నాలుగు ముద్దలు తిన్నాక, గుమ్మం దగ్గరి కొంగు నెమ్మదిగా దిగింది. జీవమ్మ మంచం దాకా వచ్చింది.

"ఇంకొంచెం పెట్టేదా సిస్టర్?"

లూదియా తన క్యారియర్ ఖాళీ చేసి పది నిమిషాలు కాలేదు. పొట్ట పట్టుకుని, "పెట్టు తల్లీ" అంది.