జమున తల మీద ఒట్టు

మంగ్లీని దొంగ అన్నవాళ్లు ఉన్నారు. సర్కారును మోసం చేసి బీదోళ్ల బియ్యం తిన్నదట! నా ముందు ఆ మాట అంటే మాత్రం ఊరుకోను. రఘునాథపల్లి అవతల ఆ తండాలో ఏళ్ల తరబడి అంగన్‌వాడీ టీచరుగా పనిచేసినదాన్ని. ఎవరి పొయ్యి ఏ పూట వెలిగిందో, ఎవరింట్లో పప్పు ఉడికి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు. సర్కారును మోసం చేసేవాళ్ల ఇళ్లు కూడా చూశాను. వాటికి స్లాబులుంటాయి. మంగ్లీ ఇంటికి సగం రేకులు, సగం తాటాకు.

ఆమె పెనిమిటి ధన్‌సింగ్ మానుకోట మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసేవాడు. బస్తాల వరస ఒరిగి మీద పడి అక్కడే పోయాడు. మిగిలింది జమున ఒక్కతే. జమున ఒళ్లు పెరిగింది గానీ బుద్ధి అయిదేళ్ల దగ్గరే ఆగిపోయింది. పాతికేళ్ల పిల్లకు స్నానం, జడ, నెలసరి బట్ట, అన్నం ముద్దలు, అన్నీ తల్లి చేతే కావాలి. మంగ్లీ కూలికి పోయిన రోజు జమున నా సెంటర్లో చిన్న పిల్లల మధ్య కూర్చునేది. వాళ్లు ఏటేటా బడికి పోయేవాళ్లు, ఇది మాత్రం నా దగ్గరే ఉండేది. తల్లికి వితంతు పింఛను, బిడ్డకు వికలాంగుల పింఛను, అంత్యోదయ కార్డు మీద నెలకు ముప్పై అయిదు కిలోల బియ్యం. వాళ్ల బతుకంతా ఆ కార్డు మీదే నడిచేది.

ఇక సర్కారుకు చెప్పని ఆ ఆస్తి ఏమిటో చెబుతాను. మేకలు! అవును, మేకలే.

ధన్‌సింగ్ పోయాక మంగ్లీ తన అద్దాల లంగా పెట్టెలో పెట్టి మామూలు చీర కట్టింది. విధవకు ఇక పనికిరాని వెండి కడియాలూ గజ్జెలూ అమ్మి రెండు ఆడ మేకలు కొన్నది. వాటిని చిట్యాల దగ్గరి తండాలో ఉండే తమ్ముడు లచ్చిరాంకు పాలుకు ఇచ్చింది. మేపేది అతను, పుట్టిన పిల్లల్లో సగం ఆమెవి. అక్కడ అడవి దగ్గర, మేత బాగా దొరికేది. అవి ఈని ఈని చిన్న మందే అయింది. మంగ్లీ ఒక్కదాన్నీ అమ్ముకోలేదు, కోసుకోలేదు. ఆ తండా నాయక్ ముందు తమ్ముడితో ఒక మాట చేసుకుంది. తను పోయాక జమునను ఎవరు తీసుకుపోయి చూసుకుంటారో, మంద మొత్తం వాళ్లది. లచ్చిరాం సరేనన్నాడు.

ఆ మేకలు జమున కోసం. తల్లి పోయిన మరునాడు జమునకు అన్నం పెట్టే చెయ్యి కోసం.

ప్రతి ఎండాకాలం తల్లీబిడ్డలు చిట్యాల పోయి నాలుగు రోజులుండి వచ్చేవాళ్లు. జమున మేకల మధ్యే పడుకునేదట. ఎర్రమట్టి రంగు మేక ఒకదానికి బూరి అని పేరు పెట్టుకుంది. అక్కడినుంచి వచ్చాక నెల రోజులు జమునకు వేరే మాట ఉండేది కాదు.

"టీచరమ్మా, ఎవ్వలికీ చెప్పకు. మేకలున్నయని ఎరుకైతే కార్డు కోస్తరంట" అనేది మంగ్లీ.

"ఎవలన్నరు?"

"అందరంటున్నరు."

ఆ అందరూ ఎవరో ఈనాటికీ నాకు తెలియదు. అప్పట్లో ఉన్నోళ్ల కార్డులు తీసేస్తారని ఒకటే పుకారు. తండా దారిలో జీపు దుమ్ము లేస్తే చాలు, మంగ్లీ ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు.

రెండు వేల పదకొండు వానాకాలంలో సర్వే సారు నిజంగానే వచ్చాడు. నా సెంటర్ వరండాలోనే కుర్చీ వేసుకున్నాడు. మా తండా నాయక్, ఆడవాళ్లు, అందరూ చుట్టూ ఉన్నారు. మంగ్లీ జమున చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది.

"భూమి ఉన్నదా?"

"లేదు సారూ."

"బండి?"

"కాళ్లే నా బండి."

సారు కూడా నవ్వాడు. "గొర్లు, మేకలు?"

మేకలు! నా గోడ మీది బొమ్మలు చూపించి నేనే నేర్పిన మాట అది. జమున చప్పట్లు కొట్టి ఎగిరింది. "బూరీ! బూరీ!" అంటూ రెండు చేతులూ తలకు కొమ్ముల్లా పెట్టుకుని "మే, మే" అని అరిచింది. ఇంకా ఉన్నాయని చేతులు బార్లా చాపి చూపించింది.

సారు కలం ఆపాడు. "ఏందవ్వా, పిల్ల ఏందో చెప్తాంది?"

మంగ్లీకి ఏం తోచిందో ఏమో, అరచేయి జమున నడినెత్తిన పెట్టి అరిచింది. "నాకు మేకలుంటే ఈ పిల్ల సావనీ సారూ! నా బిడ్డ తలమీద ఒట్టు!"

సారు రాసుకుని ఇంకో పేరు పిలిచాడు.

ఆ రోజు నుంచి మంగ్లీ మనిషి మనిషిగా లేదు. జమున తుమ్మినా ఉలిక్కిపడేది. "ఎంత మాటొచ్చె నా నోట్ల... నా నోరు పడిపోను" అని తనను తనే తిట్టుకునేది. "ఊకో, మాటతోని మనుషులు సస్తరా?" అని కసిరేదాన్ని. కానీ ఆమె ముందు ఎంత ధైర్యం చెప్పినా, నేనైతే నా కొడుకు తల మీద అబద్ధపు ఒట్టు వేయలేను.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు బందు, ఆఫీసులు బందు, బడులు బందు. అందరూ పరేషాన్‌లో ఉంటే మంగ్లీ ఒక్కతే ఊపిరి పీల్చుకుంది. కార్డులు కోసేవాళ్లంతా రోడ్డు మీద టెంట్లో కూర్చున్నారు మరి! పింఛను ఆగినా పర్వాలేదనుకుంది. రోజూ జమునను తీసుకుని టెంటుకు వచ్చేది. జై తెలంగాణ అని ఆమె అరిచినంత గట్టిగా ఇంకెవరూ అరిచేవాళ్లు కాదు. వంటావార్పు నాడు ఆ సర్వే సారే గరిటె పట్టి ఆమె విస్తట్లో కిచిడీ వేశాడు. సమ్మె ఇట్లనే నడవాలని ఆమె మొక్కుకున్న సంగతి నాకొక్కదానికే తెలుసు. లీడర్లేమో ఈమెను చూసి నేర్చుకోండని మైకులో చెప్పారు.

ఆ వంటావార్పు నాడే వాన పడింది. డప్పు మోగుతుంటే జమున ఎవరు లాగినా రాక, తడుస్తూ ఎగిరింది. మూడో రోజుకు ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేసింది. ఊళ్లో సూదిమందు వేసే ముత్యం వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "నా చేతుల్లోది కాదు. హన్మకొండ దవాఖానకు తీస్కపోండ్రి" అన్నాడు. బస్సులు లేవు, నూట ఎనిమిది బండి దొరకలేదు, ఆటో కోసం మనిషిని పంపించాను.

మంగ్లీ లేచి నిలబడింది. "టీచరమ్మా, నువ్వు దీని దగ్గర కూసో. నేను చిట్యాల పోయొస్త."

నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్ల సావుబతుకుల్ల ఉంటే మేకల కాడికి పోతవా? నీకేమన్న దయ్యం పట్టిందా?"

"దానికోసమే పోతున్న" అంది. నిలబడ సందు లేని జీపేదో దొరికితే ఎక్కి పోయింది. మేకలు అమ్మి దవాఖాన ఖర్చుకు తెస్తుందేమో అనుకున్నాను. ఆ మాట ఫోనులో తమ్ముడికి చెప్పొచ్చు కదా అని తిట్టుకున్నాను కూడా.

ఆటో రాలేదు. ముత్యం తలుపు గొళ్లానికి సెలైన్ సీసా కట్టాడు. నేను తడిగుడ్డలు మారుస్తూ కూర్చున్నాను. తెల్లారేసరికి జమునకు చెమట పట్టి జ్వరం దిగింది. గంజి తాగింది.

మధ్యాహ్నం మంగ్లీ వచ్చింది. వట్టి చేతులు. జమున నుదురు తాకి చూసి అక్కడే కూలబడి బోరుమని ఏడ్చింది. తర్వాత చెప్పింది. చిట్యాల తండాలో నాయక్‌ను పిలిపించి, అందరి ముందు చెంబుతో నీళ్లు వదిలి, "ఈ మేకల్ల నాకు పాలు లేదు, అన్నీ లచ్చిరాంయే" అని చెప్పి వచ్చిందట.

"ఎందుకే?" అన్నాను.

"మేకలుంటే పిల్ల సావనీ అన్న గద. ఇగ మేకలు లేవు. ఒట్టు నిజమయింది."

"మరి జమునను చూసుకుంటనని మాటన్న తీసుకున్నవా?"

"ఎట్ల తీసుకుంట? షరతు పెడితే అవి ఇంకా నాయే అయితయి. ఒట్టు తీరది." ఇంత మామూలు సంగతి నాకెందుకు తెలియడం లేదో అర్థం కానట్టు చూసింది. "ఊకెనే ఇడిసిన. నాకేం వద్దన్న."

సెలైన్‌తో తగ్గిందని నేను వాదించాను. "నువ్వు సూది ఏయించినవ్, నేను నీళ్లు ఒదిలిన. పిల్ల లేసి కూసున్నది. ఇంకేం గావాలె?" అంది. ఆ రోజు ఆమె ముఖంలో ఉన్న వెలుగు నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

సమ్మె ముగిశాక సర్వే సారు మళ్లీ కనపడితే ఊరికే అడిగినట్టు అడిగాను, ఎన్ని మేకలుంటే కార్డు పోతుందని. ఆయన పకపకా నవ్వాడు. "మేకలకు ఎవలు తీస్తరు టీచర్? కాయితంల అడిగిండ్రు, నేను అడిగిన. గంతే." నవ్వుతున్న ఆ మనిషి చెంప పగలగొట్టాలనిపించింది. మంగ్లీకి ఆ మాట చెప్పలేదు, ఎన్నటికీ చెప్పను.

ఏడాది తిరిగేసరికి మంగ్లీకి నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. జనగామ డాక్టరు గుండె వాచిందన్నాడు, బరువు మోయొద్దన్నాడు. జమునను స్నానానికి లేపడమే ఆమెకు పెద్ద బరువు. ఆ మరుసటి వానాకాలం మొదట్లో, రేగొండలో మా ఆడబిడ్డ ఇంటికి పోతూ నేనూ వాళ్లతో చిట్యాల దాకా వెళ్లాను.

లచ్చిరాం మంచం వేశాడు, చాయ్ పోయించాడు. మంగ్లీ జమున సంగతి ఎత్తగానే తల దించుకున్నాడు. మాట్లాడింది అతని భార్య కమ్లీ.

"అక్కా, కోపం జేసుకోకు. దానికి నీళ్లు పోసుడు, బట్ట మార్చుడు నాతోని గాదు, నా ఒళ్లు కూడా అలిసిపోయింది. మేకలొస్తయంటే ఆ ఆశ మీద చేస్తుంటిమి. ఇప్పుడవి మాయే గదా. ఊకెనే ఎవలు చేస్తరక్కా?"

నాయక్‌ను పిలిచాం. నీళ్లు వదిలిన మాట నిజమేనా అని మంగ్లీనే అడిగాడు. నిజమే అంది. ఇంకేం మాట్లాడతాడు?

దొడ్లో జమున బూరి మెడ పట్టుకుని వదలడం లేదు. బూరి దాని చేతులు నాకుతోంది. మంగ్లీ వచ్చి బిడ్డ వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది. "రా బిడ్డా. అవి మనయి కావు" అంది. జమున బస్సెక్కేదాకా ఏడ్చి, ఎక్కాక తల్లి భుజం మీద నిద్రపోయింది.

నేను రేగొండలో దిగలేదు. దిగబుద్ధి కాలేదు. పరకాల దాటాక మంగ్లీ నోరు విప్పింది.

"టీచరమ్మా, ఆనాడు జీపుల పోయేటప్పుడు, దేవుడా దీన్ని సంపకు అని మొక్కుకుంట పోయిన. ఇప్పుడు రోజూ ఏమని మొక్కుతున్ననో ఎరుకనా? నాకన్న ఒక్క పొద్దు ముందు దీన్ని తీస్కపో అని."

కిటికీలోంచి జల్లు కొట్టడం మొదలైంది. తడిస్తే మళ్లీ జ్వరం వస్తుందని మంగ్లీ తన కొంగు తీసి జమున తల నిండా కప్పింది.