నీళ్లలోకి దిగిన గాజు బతుకమ్మ

ఈ రోజు మా నస్పూర్‌లో సద్దుల బతుకమ్మ. వానాకాలమంతా గ్యాస్ మంట ముందు కూర్చుని, రంగు గాజు కడ్డీలు కరిగించి, ఒక్కో పువ్వునూ పటకారుతో వంచి పేర్చిన నా గాజు బతుకమ్మను తీసుకెళ్లి మా గని క్వార్టర్ల ఆడవాళ్ల మధ్య పెట్టాను. పచ్చటి తంగేడు, తెల్లటి గునుగు, అన్నీ గాజువే. అందరూ చుట్టూ తిరిగి ఆడుతుంటే గర్వంతో ఉబ్బిపోయాను.

ఆట అయ్యాక అందరూ తమ బతుకమ్మలను ఎత్తుకుని గోదావరికి బయలుదేరారు. నేను మాత్రం నాదాన్ని కొంగు చాటున పెట్టుకుని మెల్లగా ఇంటి దారి పట్టాను. మా అత్తమ్మ చూడనే చూసింది.

"ఎటు పోతున్నవ్ బిడ్డా? ఆడిన బతుకమ్మను ఇంటికి తెస్తరా? నీళ్లల్ల ఇడువాలె."

"గిది గాజుది అత్తమ్మా. తేలది, మునుగుతది!"

"మునగనీ. పూలయి మాత్రం మల్ల ఇంటికొస్తున్నయా?"

చేసేదిలేక అత్తమ్మ వెంట గోదావరికి నడిచాను. మోకాలి లోతు నీళ్లలో బతుకమ్మను పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. చివరికి అత్తమ్మకే జాలేసింది.

"జర ఆగు. ఒక్క పువ్వు ఇడువు, సాలు. గౌరమ్మ ఏమనుకోదు."

అంచున ఉన్న తంగేడు పువ్వును విరిచి వదిలాను. మెరుస్తూ మునిగింది.

ఇప్పుడు బతుకమ్మ టీవీ మీద ఉంది, ఒక పువ్వు తక్కువతో. ఆ ఖాళీలో కొత్తది అతికించాలా, అలాగే ఉంచాలా? మీరే చెప్పండి. అత్తమ్మ మాత్రం వచ్చే ఏడు ఏ పువ్వు విడవాలో అప్పుడే వేలుపెట్టి చూపిస్తోంది. ఏడాదికో పువ్వంటే, ఇది నాకన్నా ఎక్కువ కాలమే ఉండేలా ఉంది.