ఫోటో కోసం తొడిగిన గ్లౌజులు

గత నవంబరు నాలుగో తేదీ, మంగళవారం ఉదయం పదిన్నరకు, కెనడాలోని విండ్సర్‌లో నేను లా విద్యార్థులకు కార్పొరేట్ సామాజిక బాధ్యత బోధించే తరగతికి ఒక పెద్దమనిషి అతిథిగా వచ్చారు. ఆయన్ను పిలిచింది నేనే. మర్యాద కోసం కాదు, పగ కోసం.

మా నాన్న ఈ ఊళ్ళోనే ఒక కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఇనుప ముక్కలను ఘాటైన మందునీళ్ళలో ముంచి కడిగేవారు. ఇంటికొచ్చి పులుసన్నం కలుపుకోబోతే పగిలిన వేళ్ళు మండేవి. అమ్మ కంచం పక్కన చెంచా పెడితే, ఆయన దాన్ని తాకకుండానే భోజనం ముగించేవారు. ఫిర్యాదు చేయడం మన తండ్రుల తరానికి తెలియదని నా ఈడు వారికి వేరే చెప్పనక్కరలేదు. నేను హైస్కూలులో ఉండగా ఒకనాడు ఈ పెద్దమనిషి, అప్పటికి ఆ కంపెనీలో కుర్ర అధికారి, ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకొచ్చి, నాన్న చేతులకు కొత్త నీలిరంగు గ్లౌజులు తొడిగించి, నవ్వమని చెప్పి, ఫోటో అయిపోగానే వాటిని ఊడదీయించి డబ్బాలో సర్దుకొని వెళ్ళిపోయారట. ఆ ఫోటో కంపెనీవారి సామాజిక బాధ్యతా నివేదికకు అట్ట మీది బొమ్మ అయింది. నాన్న దానికి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. నేను కోపంతో తీసేయబోతే ఒక్క మాట అన్నారు.

“ఫోటోలో బాగానే పడ్డాను కదమ్మా, ఉండనీ.”

మా వంశంలో డిగ్రీ అందుకున్న మొదటిదాన్ని నేను. ఆ చదువుతో ఏం చేయాలో ఆ ఫ్రేము ముందు నిలబడే నిర్ణయించుకున్నాను. ఉద్యోగంలో చేరిన నాటినుంచి, ఏ కంపెనీ నివేదిక చదివించినా, అందులో మనుషులున్న ప్రతి ఫోటో కింద విద్యార్థుల చేత ఒకే ప్రశ్న రాయిస్తూ వచ్చాను: ఫోటో తీశాక ఆ వస్తువు ఎవరి దగ్గర ఉండిపోయింది?

తొలినాళ్ళ కృషి గురించి మాట్లాడమని నేనే కోరాను గనుక, ఆయన ఆ పాత అట్టను తెర మీద వేశారు. నాన్న నవ్వు గోడంత అయింది. నేను చివరి వరుసలో చేతులు కట్టుకొని కూర్చున్నాను. ముందు వరుసలోని అమ్మాయి చెయ్యెత్తింది.

“సర్, ఫోటో అయ్యాక ఆ గ్లౌజులు ఎవరి దగ్గరున్నాయి?”

ఆయన మంచినీళ్ళు తాగి, అవి ఫోటోగ్రాఫర్ తెచ్చినవని ఒప్పుకున్నారు. ఆ కార్మికుడి పేరేమిటని ఇంకొకరు అడిగారు. ఆయనకు తెలియదు. నేను లేచి నిలబడి నాన్న పేరు చెప్పాను, ఆయన కూతురినని కూడా చెప్పాను. ఆ ముఖం పాలిపోవడం చూసి నేను పొందిన తృప్తికి ఈనాటికీ సిగ్గుపడను. నాన్నే బతికి ఉంటే, ఆ మనిషికి ఒక కప్పు టీ ఇప్పించమని నన్ను మందలించి ఉండేవారు.

ఈ వసంతంలో ఆ కంపెనీ కొత్త నివేదిక వచ్చింది. అందులో మనిషి ఫోటో ఒక్కటీ లేదు, అన్నీ చెట్లే. నా విద్యార్థులకు ప్రశ్న రాసే చోటు దొరకలేదు.