మైకులో ఒప్పుకున్న పాపం

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు మన పాపం చెప్పాలి. తర్వాత ప్రభువు మనల్ని ఎలా పట్టుకున్నాడో చెప్పాలి. చివర ఇప్పుడెంత శాంతి సమాధానాలతో ఉన్నామో చెప్పాలి. పాపం ఎంత పెద్దదైతే హల్లెలూయలు అంత గట్టిగా వస్తాయి. రెండో తరగతితో బడి మానేసిన నాకు ఈ సంగతి తొందరగానే అర్థమైంది.

నా పాపం చిన్నదేమీ కాదు. కోడలి తొలిచూలు ఆడపిల్లకు మూడో నెలలో జ్వరం వచ్చి ఎగశ్వాస పెట్టింది. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పిల్లల డాక్టరు ప్రొద్దుటూరులో ఉంటాడు. నా కొడుకు సిమెంటు లారీ మీద పోయి ఉన్నాడు. ఆటో పిలుస్తానని కోడలు అంది.

"ఆటో ఏంది, మారాణివా? బస్సు వస్తాది కూకో" అన్నాను.

ఆ పూట బస్సు ఆలస్యమైంది. ప్రొద్దుటూరు బస్టాండులో దిగేసరికి బిడ్డ చల్లబడిపోయింది. ఆటోకు కావలసిన దుడ్లు నా కొంగు ముడిలోనే ఉన్నాయి.

రెండేళ్ళకు నేనూ కోడలూ సంఘంలో చేరాం. మైలవరం కాలువలో బాప్తిస్మం తీసుకున్నాక పాస్టరు అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పి ఏడ్చాను. ఆడవాళ్ళంతా నాతోపాటు ఏడ్చారు. ఆ పొద్దు గుండె బరువు దిగిన మాట నిజం. దేవుడు క్షమించాడని నమ్మాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

తర్వాత సాక్ష్యం చెప్పమని ప్రొద్దుటూరు ప్రార్థన కూటాలకు పిలిచారు, ఆ పైన పులివెందులకు. పోయినచోటికల్లా కోడలిని వెంటబెట్టుకు పోయేదాన్ని. ఆమె చాప మీద తలకు కొంగు కప్పుకొని కూర్చుని తన బిడ్డ చావును నా నోట వినేది. చెప్పేకొద్దీ సాక్ష్యం పెరిగింది. పులివెందులలో పెద్ద పందిరి, పెద్ద స్పీకర్లు. "నా కోడలు నా కాళ్ళ మీద పడి మొత్తుకునింది, నేను కాలితో తోసేసినా" అనేశాను. అలాంటిదేమీ జరగలేదు. పందిరంతా హల్లెలూయ అంది.

తిరుగు బస్సు ముద్దనూరు దాటాక కోడలు నోరు విప్పింది.

"అత్తా, నేను నీ కాళ్ళ మీద యాడ పడినా?"

"జనాలకు అర్థం కావల్ల గదమ్మీ."

"పడలే. ఒక్క మాట అడిగినా, నువ్వు అరిచినావు, నోరు మూసుకున్నా. నీకు భయపడి బిడ్డను సంకలో పెట్టుకొని రోడ్డు మీద నిలబడినా. ఆ మాట నేను యా మైకులో చెప్పుకోవల్ల?"

ముందు సీటులోని ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. "నీకేందప్పా, ముందుకు తిరుగు" అని గదమాయించాను.

దేవుని ముందు ఒప్పుకోవడం నాకు సులువైంది, ఆయన ఎదురు మాట్లాడడు. మరుసటి రోజు పొద్దున కోడలు రొట్టెలు కాలుస్తుంటే పోయి "తప్పు నాదే అమ్మీ" అన్నాను. పందిట్లో ఆగకుండా కారిన కన్నీళ్ళు అక్కడ ఒక్కటీ రాలేదు.

"ఊరూరా చెప్పినంక నాకాడికి ఇప్పుడొచ్చినావా?" అంటూ ఆమె పెనం మీది రొట్టె తిప్పింది. "దేవుడు క్షమించినాడంటివే, ఆయప్పనే అడుక్కో. నా బిడ్డను మాత్రం ఇంగ మైకు కాడికి తీస్కపోవాకు."

ఆదివారం అయ్యగారు నా వైపు చేయి చాపి, "సాక్ష్యం చెప్పమ్మా, కొత్తవాళ్ళు వచ్చారు" అన్నారు.

"నాకు సాక్ష్యం లేదు అయ్యగారూ."

ఆయన ముఖం చిన్నబోయింది. నా హృదయం కఠినమైపోయిందని, ప్రభువు దాన్ని మెత్తబరచాలని అందరి ముందు ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కన కోడలు తల వంచుకునే ఉంది గానీ పెదవి కదపలేదు. ఎందుకని నేను అడగలేదు.