అతని దానికంటే పెద్ద గుండిగ

విడాకులప్పుడు సామాను పంచుకోవడంలో నేను దేని గురించీ వాదించలేదు. సోఫా, టీవీ, గరాజ్‌లో ఉన్నవన్నీ అతనికే వదిలేశాను. క్రాఫిష్ ఉడికించే పెద్ద గుండిగ, దాని బర్నర్ కూడా ఆ గరాజ్‌లోనే ఉన్నాయి. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఇల్లు అతను ఉంచుకున్నాడు. నేను ట్రాయ్‌లో, చిన్న బ్యాక్‌యార్డ్ ఉన్న అద్దె ఇంటికి మారాను. అప్పటికి నాకు కోపం కూడా లేదు. అలసట తప్ప ఇంకేం లేదు.

కోపం వసంతంలో వచ్చింది. మా స్నేహితుల బృందంలో అందరికంటే పెద్దావిడ, నేను అక్కా అని పిలిచే డాక్టరుగారు, ఒక సాయంత్రం ఫోన్ చేసింది. నా ఉద్యోగం గురించి, కొత్త ఇంటి గురించి అడిగి, చివరికి అసలు విషయానికి వచ్చింది. ఏటా మే నెలలో మా ఇంట్లో జరిగే క్రాఫిష్ పార్టీ ఈసారి కూడా ఉంటుందట. నేను రాకపోతే నాకే సుఖంగా ఉంటుందని అందరూ అనుకుంటున్నారట. ఆడవాళ్ళం విడిగా ఎక్కడైనా లంచ్‌కి కలుద్దామంది.

"తప్పుగా అనుకోకు. ఎంతైనా ఆ పార్టీ అతనిది కదా," అంది అక్క.

నేను సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక గిన్నెలు కడగడం మొదలుపెట్టి, శుభ్రంగా ఉన్నవి కూడా మళ్ళీ కడిగాను.

ఆ పార్టీ అతనిది కాదు. పెళ్ళికి ముందు అతను క్రాఫిష్ అన్న మాటే వినలేదు. నేను మాస్టర్స్ చేసింది లూజియానాలో. నేను గది అద్దెకు తీసుకున్న ఇంటావిడ వసంతకాలం ఆదివారాల్లో బస్తాడు క్రాఫిష్ తెచ్చి పెరట్లో ఉడికించేది. రొయ్యకూ పీతకూ మధ్యలో ఉండే ఆ ప్రాణిని కడగడం, నీళ్ళలో కారం ఎంత ఘాటుగా ఉండాలో ముక్కుతోనే చూడడం, అన్నిటికంటే ముఖ్యంగా మంట ఎప్పుడు ఆపాలో ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్నాను. క్రాఫిష్ వేశాక నీళ్ళు మళ్ళీ మరిగితే చాలు, కాసేపటికి మంట ఆపేయాలి. ఆపగానే ఫ్రీజర్‌లోంచి తీసిన మొక్కజొన్న కండెలు గుండిగలో గుమ్మరించాలి. ఆ చల్లదనానికి ఉడకడం ఆగిపోతుంది, పైన తేలుతున్న క్రాఫిష్ మెల్లగా అడుక్కి దిగుతాయి, దిగుతూ మసాలా పీల్చుకుంటాయి. అలా అరగంట నానాలి. రుచి అంతా అక్కడే ఉంది.

మిషిగన్ వచ్చాక, పెళ్ళయిన రెండో ఏడు, గుండిగ కొని మా స్నేహితులకు మొదటిసారి వండింది నేనే. తర్వాత ఏడు అతను ఏప్రన్ కట్టుకుని పొడవాటి తెడ్డు పట్టుకుని గుండిగ పక్కన నిలబడ్డాడు. లోపల కిచెన్‌లో నిమ్మకాయలు కోసేది, వెల్లుల్లి ఒలిచేది, మసాలా కలిపేది నేను. మధ్యలో బయటికొచ్చి బర్నర్ ఆపి, కండెలు వేసి, మళ్ళీ లోపలికి వెళ్ళేదాన్ని. బీరు పట్టుకుని చుట్టూ నిలబడ్డవాళ్ళెవరూ అది గమనించలేదు. అతన్ని క్రాఫిష్ అన్న అని పిలిచేవాళ్ళు. సీక్రెట్ ఏంటన్నా అని ఎవరైనా అడిగితే, అంతా టైమింగ్‌లో ఉంది అనేవాడు. నేను ట్రేలు సర్దుతూ అది వినేదాన్ని.

అక్క ఫోన్ చేసిన వారమే, శనివారం నాడు, గుండిగ కొనడానికి బయల్దేరాను. వేటకూ చేపలు పట్టడానికీ సామాన్లు అమ్మే పెద్ద షాపుకి వెళ్ళాను. అతని దానికంటే పెద్దది కావాలన్నది ఒక్కటే నిర్ణయం. పాత గుండిగలో ఒకసారికి సగం బస్తాయే పట్టేది. రెండో విడత కోసం జనం ఖాళీ ప్లేట్లతో ఎదురుచూసేవాళ్ళు. నా ఇంట్లో ఎవరూ ఎదురుచూడకూడదు. బస్తా మొత్తం పట్టి, పైన పొంగడానికి చోటు మిగిలే గుండిగ కావాలి.

స్టీలు గుండిగలు అద్దాల్లా మెరుస్తున్నాయి. అతనైతే అదే కొనేవాడు. నేను సిల్వర్ గుండిగ వైపు నడిచాను. మా ఊళ్ళో అల్యూమినియాన్ని సిల్వర్ అనే అంటాం. తేలిక, వేడి త్వరగా ఎక్కుతుంది. కార్ల కంపెనీలో ఇంజన్లు చల్లబరిచే విభాగంలో పనిచేస్తాను కాబట్టి ఆ సంగతి ఇంకొకరిని అడగాల్సిన పనిలేదు. నా అసలు దిగులు లోపలి చిల్లుల బుట్ట గురించి. నిండు బుట్టను నేనొక్కదాన్నే ఎత్తాలి. అక్కడ ఉన్న బొగ్గుల సంచులు తెచ్చి ఒక్కో బుట్టలో వేసి ఎత్తి చూశాను. రెండింటిని ఎత్తలేకపోయాను. మూడోదానికి పక్కన ఒక కొక్కెం ఉంది. సగం ఎత్తి గుండిగ అంచుకి తగిలిస్తే చాలు, బుట్ట అక్కడే వాలి నీళ్ళు కారిపోతాయి. షాపులో కుర్రాడొకడు వచ్చి, మీ హస్బెండ్ వచ్చి కార్‌లో పెడతారా అని మర్యాదగానే అడిగాడు. లేదు, నేనే పెట్టుకుంటాను అన్నాను.

బర్నర్ దగ్గర ఇంకా ఎక్కువసేపు గడిపాను. పాత బర్నర్ సన్నగా, పొడుగు కాళ్ళతో ఉండేది. గాలి వీస్తే మంట పక్కకి పోయేది, నీళ్ళు మరిగేసరికి ప్రాణం విసిగేది. ఏటా నేనే పాత రేకుల్ని చుట్టూ నిలబెట్టి గాలి ఆపేదాన్ని. ఈసారి పొట్టిగా, నలుచదరంగా, గుండిగ నిండా నీళ్ళున్నా కదలనిది తీసుకున్నాను. మంట చుట్టూ ఇనుప గోడ కూడా దానికే ఉంది. ఇంటికి తెచ్చి ప్రొపేన్ సిలిండర్ తగిలించి, ఒట్టి నీళ్ళు పోసి వెలిగించాను. విమానం లేస్తున్నంత చప్పుడు. పక్కింటాయన ఫెన్స్ మీదుగా తొంగిచూశాడు. నీళ్ళు బుడబుడమని పొంగుతుంటే నాకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

తేదీ గురించి ఆలోచించాను. అదే రోజు పెడితే జనం రెండుగా చీలతారు, నన్ను చూసి అయ్యో పాపం అంటారు. తర్వాత పెడితే అతన్ని చూసి నేర్చుకున్నట్టుంటుంది. అందుకని సరిగ్గా వారం ముందు పెట్టాను. నా దగ్గర తిన్న రుచి నాలుక మీద ఉండగానే వాళ్ళు అతని ఇంటికి వెళ్ళాలి. అందరినీ పిలిచాను, అక్కను అందరికంటే ముందు పిలిచాను. కొత్త ఇల్లు కదా, చూడ్డానికి రండి అన్నాను. కొత్త ఇంటికి రామని ఎవరూ అనలేకపోయారు.

లూజియానా నుంచి విమానంలో వచ్చిన క్రాఫిష్ బస్తాను కార్గో ఆఫీసుకి వెళ్ళి నేనే తెచ్చుకున్నాను. ఆ రోజు అంతా అనుకున్నట్టే జరిగింది. కిచెన్ పని ముందే ముగించి, వచ్చినవాళ్ళు వచ్చినట్టు చూసేలా గుండిగ పక్కనే నిలబడ్డాను. మంట ఆపి కండెలు గుమ్మరించినప్పుడు అక్క భర్త, ఇప్పుడే ఎందుకు ఆపేశావమ్మా, ఇంకా ఉడకాలేమో అన్నాడు. కాసేపు ఆగండి అన్నాను. న్యూస్‌పేపర్లు పరిచిన బల్ల మీద బుట్ట బోర్లించాక అందరూ చాలాసేపు తల వంచుకుని తింటూనే ఉన్నారు. అక్క పెదాలు మంటెత్తి కళ్ళు తుడుచుకుంటూ, ఇంతకుముందెప్పుడూ ఇంత బాగా కుదరలేదంది. ముందు కూడా నేనే వండాను అక్కా అన్నాను. ఆవిడ నా వైపు చూసి, మళ్ళీ ప్లేటు వైపు చూసింది.

గురువారం అతను ఫోన్ చేశాడు. విడిపోయాక కాగితాల పని లేకుండా ఫోన్ చేయడం అదే మొదలు. నా పార్టీ గురించి విన్నానన్నాడు, బాగా జరిగిందటగా అన్నాడు. తర్వాత మెల్లగా, మంట ఎంతసేపు ఉంచాలో, చివర్లో మనం ఇంకేదో చేసేవాళ్ళం కదా, అదేంటో గుర్తుకు రావడం లేదన్నాడు. మనం అన్న మాట దగ్గర నా చెవులు వేడెక్కాయి.

"అన్నేళ్ళు పక్కనే నిలబడ్డావు కదా. చూడలేదా?" అన్నాను.

చిన్న విషయమే కదా, చెప్తే ఏం పోతుంది అన్నాడు.

"టైమింగ్‌లో ఉంది అని అందరికీ చెప్పేవాడివిగా. అదే," అని పెట్టేశాను.

చెప్పి ఉండొచ్చు. ఒక్క వాక్యం. చెప్పనందుకు అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడడం లేదు.

ఆ శనివారం, అతని పార్టీ రోజు, పొద్దుటి నుంచీ గాలి. నేను కిటికీ దగ్గర కాఫీ తాగుతూ ఎదురుగా మేపుల్ కొమ్మలు ఊగడం చూస్తూ కూర్చున్నాను. మర్నాడు అక్క ఫోన్ చేసి చెప్పింది. నీళ్ళు ఎంతకీ మరగలేదట. మరిగాక అతను భయపడి చాలాసేపు ఉడికించాడట. పెంకు ఒలిస్తే లోపల మెత్తగా పిండిలా అయిపోయిందట, ఉప్పూ కారం ఏమీ పట్టలేదట. పిల్లల కోసం తెప్పించిన పిజ్జా పెద్దవాళ్ళు కూడా తిన్నారట. అతను ఏప్రన్ విప్పేసి, ఈసారి సరుకు మంచిది రాలేదని చెప్పుకున్నాడట.

పిజ్జా ముక్క ముందు ఎవరు తీసుకున్నారో చెప్పమని అడిగాను. అక్క నవ్వి చెప్పింది. ఏప్రన్ విప్పిన సంగతి మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. అప్పుడు ఆవిడకు నా గొంతులో సంతోషం తెలిసినట్టుంది, కాస్త తగ్గి, పోనీలే, పాపం, మగవాడు ఒక్కడే ఉన్నాడు అంది. నేనూ ఒక్కదాన్నే ఉన్నాను అక్కా అన్నాను.

అప్పటి నుంచి పార్టీ నా దగ్గరే. ఆ పైయేడు అతన్ని కూడా పిలిచాను. నాది ఎంత మంచి మనసో అని ఒకరిద్దరు అనుకున్నారు, అనుకోనిచ్చాను. వస్తాడనుకోలేదు, వచ్చాడు. ఎక్కడ నిలబడాలో తెలియక కాసేపు ఫెన్స్ దగ్గర, కాసేపు ఐస్ పెట్టె దగ్గర తిరిగాడు. నేను కండెలు వేసేటప్పుడు మాత్రం దగ్గరికొచ్చి గుండిగలోకి వంగి చూశాడు. నేను దాచలేదు. అందరి మధ్యా, అందరికీ వినపడేలా, ఇది ఎందుకు వేస్తారో మొదటి నుంచి చివరిదాకా అతనికి వివరించి చెప్పాను. అతను తలూపుతూ విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఒక ప్లేటు పెట్టించుకుని, బల్ల చివర నిలబడి, అందరికంటే ఎక్కువ తిన్నాడు.