పెంట మీద వదిలిన పేరు

"ఇది విషయం, కథనం కాదు" అంటూ మహేందర్ గారు ప్రశాంతి వ్యాసాన్ని ఆ నెలలో మూడోసారి తిప్పి పంపారు.

ఆయన హైదరాబాద్‌లో ఒక మాసపత్రికకు సంపాదకుడు. ప్రశాంతి సూర్యాపేట నుంచి ఆ పత్రికకు రెండేళ్లుగా రాస్తోంది. మైక్రోబయాలజీ చదివిన పిల్ల కాబట్టి ఏది రాసినా పట్టికలు, శాతాలు. ఆయన ఫోన్లో ఓపిగ్గా చెప్పేవారు. విషయం చెరువంత ఉంటుందమ్మా, మనం ఒక్క బిందె ముంచుకు రావాలి, ఆ బిందె ఎవరి నెత్తిన ఉందో చూడాలి. ఆ మనిషికి తెలిసి మనకు తెలియనిది ఒకటుంటుంది. దాన్నే అడగాలి.

ప్రశాంతికి వినడానికి తీరిక ఎక్కడిది? ఇంట్లో పది నెలల పాప, అహల్య. అంతకు ముందు పుట్టిన బిడ్డ మూడో రోజునే పోయింది. అందుకే ఈ పాప తుమ్మితే థర్మామీటరు, నిద్రపోతే ముక్కు దగ్గర వేలు. ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. పాప చెంచా చప్పుడుకు తిరుగుతుంది, పక్కింటి బండి స్టార్టయితే తిరుగుతుంది. "అహల్యా" అని పిలిస్తే మాత్రం తిరగదు. తనను కాదు, వెనకాల ఇంకెవరినో పిలిచారన్నట్టు ఉంటుంది. మిర్యాలగూడలో చెవుల డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవులూ బాగున్నాయి, కొందరు పిల్లలకు ఆలస్యమవుతుందని పంపేశాడు.

అక్కడి నుంచి కోదాడలో పుట్టింటికి బస్సెక్కింది. గరిడేపల్లిలో బస్సాగినప్పుడు కింద నుంచి ఎవరో కేక వేశారు. "ఓ పెంటమ్మా, జల్ది ఎక్కు."

ఒడిలో ఉన్న పాప గిరుక్కున తల తిప్పింది.

కేక గట్టిగా ఉంది, అందుకే తిరిగిందని ప్రశాంతి సర్ది చెప్పుకుంది. బస్సెక్కిన మనిషి డెబ్బై ఏళ్ల ముసలమ్మ. మోకాళ్ల దాకా బురద ఎండిన కాళ్లు, చంకలో ఒక చాట. ఆ పేరు ఎందుకు పెడతారో ప్రశాంతికి తెలుసు. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి, పనికిరాని పిల్ల అనిపించి, ఇంకొకరి చేత ఎత్తించి కొనుక్కుంటారు. చావు ఇటు చూడకుండా. బొడ్డు కోసిన చోట పెంటలోని ధనుర్వాతం క్రిములు చేరి పిల్లలు పోయిన కాలం అది. చావుకు విరుగుడుగా మళ్లీ ఆ విషం మీదే పడుకోబెట్టేవారు. రాస్తే బాగుంటుంది. ముసలమ్మతో మాట కలిపి ఇల్లెక్కడో అడిగి పెట్టుకుంది.

మహేందర్ గారికి చెబితే ఈసారి వెంటనే కాదనలేదు. "అలాంటి పేర్లు ఎన్ని మిగిలాయన్నది విషయం. పెంట మీద పెట్టకముందు ఆ పిల్లకు ఏ పేరు అనుకున్నారు? అది కథనం. అది పట్టుకురా."

వారం తర్వాత పాపను కోదాడలో తల్లి దగ్గర ఉంచి గరిడేపల్లి వెళ్లింది. పెంటమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చెరుగుతూనే తన బతుకంతా చెప్పింది. పదేళ్లప్పటి నుంచి నాట్లు. నలభై ఏళ్లు నాట్ల గుంపుకు పెద్ద. ఆమె పాట ఎత్తుకుంటే కాని ఆడవాళ్లు మడిలో దిగేవాళ్లు కాదు. పెళ్లిచూపుల్లో పేరు విని మగపెళ్లివాళ్లు నవ్వితే, మీ ఇంట్ల పెంటకుప్ప లేదా అని అడిగిందట. నవ్విన పెళ్లికొడుకే తాళి కట్టాడు. బడిలో పంతులు ఈ పేరేమిటని జాలిపడి రిజిస్టరులో పద్మ అని రాశాడు. ఆ రాత్రే జ్వరం. తల్లి పొద్దున్నే బడికి పోయి, పంతులు చేత కొట్టేయించి కాని కదలలేదు.

"ఓట్లొస్తే మాత్రం పెంటమ్మ గారూ అంటరు బిడ్డా" అని నవ్వింది.

ప్రశాంతి అప్పుడు అడగాల్సింది అడిగింది.

"మా అమ్మకు నాకంటె ముందు ముగ్గురు ఆడపిల్లలు. ముగ్గురికి ఒక్కటే పేరు పెట్టింది. మొక్కున్నదట. ముగ్గురు పొయ్యిన్రు. నేను పుట్టినంక నన్ను చాటల ఏసి పెంట మీద పెట్టి, గదే పేరుతోని ఒక్కసారి పిలిచి, ఎనకకు సూడకుంట ఇంట్లకు పోయింది. గొర్లు కాసే ఐలమ్మ నన్ను ఎత్తుకొచ్చి చాటెడు తవుడుకు మా అమ్మకే అమ్మింది. పిల్ల ఇంటికొచ్చింది. పేరు గాడనే ఉన్నది."

"ఆ పేరేంటి పెద్దమ్మా?"

"పిలిస్తె వస్తది."

"ఏమొస్తది?"

పెంటమ్మ ఇంకో చాటెడు చెరిగింది. నీకు పిల్లలున్నరా, ఏం పేరు అని అడిగింది. ప్రశాంతి చెప్పింది. చాట ఆగిపోయింది. ముసలమ్మ దొడ్డివైపు, పాత పెంటకుప్ప వైపు ఒకసారి చూసి, గింజలు కిందపడుతున్నా ఎత్తుకోలేదు.

ఇగ పో బిడ్డా, బస్సు దొరకదు అంది.

బస్సులో ప్రశాంతి తనకు తాను పాఠం చెప్పుకుంది. పాతకాలపు పేర్లు ఎన్నని ఉంటాయి? కలవడం వింత కాదు. పైగా పెంటమ్మ అదే పేరని అననైనా అనలేదు. కోదాడ చేరేసరికి తల్లి గుమ్మంలోనే ఉంది. "నువ్వు చెప్పినట్టే గంటగంటకీ పిలుస్తున్నానే. అది పలకదు కానీ, పిలిచినప్పుడల్లా పెరటి తలుపు కొట్టుకుంటంది. గడియ బిగించవే."

గాలి అని ప్రశాంతి అంది. ఆ రోజు ఆకు కదల్లేదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పాపను ఎత్తుకుని మళ్లీ గరిడేపల్లి వెళ్లింది. పేరు చెప్పమని అడగడానికి వచ్చానంది.

"నా నోటితోని అనిపియ్యకు" అంది పెంటమ్మ. "నువ్వు రోజూ పిలుస్తనే ఉన్నవు. పిల్ల తిరుగుతలేదని పరేషాన్ అయితున్నవు. తిరిగేది వేరే ఉన్నది బిడ్డా. ఇంక దగ్గరికి రానియ్యకు. ఆ పేరును పెంట మీదనే ఇడిసిపెట్టు."

ధనుర్వాతం టీకాలు మూడు డోసులూ పడ్డాయి. ప్రశాంతి సంచిలోంచి కార్డు తీసి తేదీలు రెండుసార్లు చూసుకుంది. చాటలో ఉతికిన తువ్వాలు పరిచి, దాని మీద ఇంకోటి పరిచింది. పాపను పడుకోబెట్టి, పట్టపగలు, దొడ్లో పెంటకుప్ప మీద చాట దించింది. తనను ఎవరైనా క్లాసుమేట్లు చూస్తే ఏమనుకుంటారో అన్న ఆలోచన వచ్చి పోయింది.

"ఒక్కసారే" అంది పెంటమ్మ. "ఎనకకు సూడకు."

"అహల్యా" అని పిలిచి ప్రశాంతి నడిచింది.

వెనక పాప కిలకిలా నవ్వింది. ఈ పేరుకు మొట్టమొదటిసారి పలికింది. తిరగబోయి, గుంజ పట్టుకుని ఆగింది. నవ్వు కొంతసేపు ఒకేచోట ఉంది. తర్వాత దొడ్డి దాటి పొలాల వైపు పోతూ సన్నబడింది.

పెంటమ్మ చాట ఎత్తుకుని వచ్చింది. ప్రశాంతి చేతులు చాచి, నవ్విందిగా పెద్దమ్మా, విన్నారుగా అంది.

"పిల్ల నవ్వలే. సూడు, పండుకున్నది."

పాప నోట్లో బొటనవేలు పెట్టుకుని గాఢంగా నిద్రపోతోంది. ప్రశాంతి గంపలోంచి చాటెడు తవుడు ముసలమ్మ ఒళ్లో పోసింది. తవుడూ ఆమెదే, మళ్లీ సంచి తెచ్చి ఇవ్వాలి.

కథనం ఆ వారమే పంపింది. పట్టికలు లేవు. పెంటమ్మ, ఆమె నాట్లు, పంతులు కొట్టేసిన పేరు, ఐలమ్మ, తవుడు అన్నీ ఉన్నాయి. అసలు పేరు ఉండాల్సిన చోట ఖాళీ. మహేందర్ గారు ఫోన్ చేసి, చాలా బాగుంది, ఆ పేరొక్కటి చెబితే ముగింపు అదిరిపోతుందన్నారు. ప్రశాంతి తెలియలేదని అబద్ధం చెప్పింది. ఆయన నమ్మలేదు, అయినా ఖాళీతోనే వేశారు.

ఇప్పుడు పాపను ఇంట్లో తవుటమ్మ అంటారు. భర్త మొదట నవ్వాడు. మూడో రోజు పాప ఆ పేరుకు తిరిగి చేతులు చాచాక అతనూ అదే పిలవసాగాడు. దవాఖానలో టీకా కార్డు మీద మాత్రం పాత పేరే ఉంది. పోయినసారి వరసలో కూర్చున్నప్పుడు ప్రశాంతి ముందే లేచి నర్సు దగ్గరికి వెళ్లి, మా కార్డు పైకి చదవకండి మేడం అని బతిమాలింది. నర్సు వింతగా చూసి, అలవాటు కొద్దీ చదివేసింది.

పాప తల ఎత్తలేదు. తల్లి కొంగు నములుతూ కూర్చుంది. గది చివర తలుపు మాత్రం, ఎవరో వచ్చినట్టు, మెల్లగా తెరుచుకుంది.